పద్నాలుగో గ్లాసు

మరిసెల్ రోజూ వాగు నుంచి వచ్చి, బురద బూట్లు గుమ్మం దగ్గర విప్పుతూ ఒకటే మాట అనేది.

"ఒతీలియా ఇవాళ కూడా కనబడలేదు, దోన్యా నెలిదా."

"సరే," అనేదాన్ని నేను, సీసాల్లో స్పిరిట్ నింపుకుంటూ.

మా సంస్థలో పరిశోధన చేసే ఆ పిల్లకి ఒతీలియా అంటే ఒక పురుగు. అర్జెంటీనాలో మా తుకుమాన్ కొండల మీద, అగ్వా చికితా వాగులో, పందొమ్మిదేళ్ళ కిందట ఒకే ఒక్కసారి ఒకే ఒక్కటి దొరికిన నీటిపురుగు. నాకు ఒతీలియా అంటే నా కూతురు. పదకొండేళ్ళకి పోయింది. పురుగుకి ఆ పేరు పెట్టింది మా డాక్టరు, పురుగుల శాస్త్రవేత్త అన్సెల్మో బ్రిసువేలా గారు. మరిసెల్‌కి ఈ సంగతి తెలియదు. పిల్లది తండ్రి ఇంటిపేరు, వెరా. నాది హువారెస్. డాక్టరు గారు తన వ్యాసంలో "ఒతీలియా వెరా జ్ఞాపకార్థం" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నారు. మా సంస్థలో నేను ముప్ఫై ఒక్కేళ్ళ నుంచి ఉన్నాను, బీరువా ఉన్నట్టు. బీరువాని ఎవరూ పిల్లల గురించి అడగరు.

"డాక్టరు గారి పాత ప్రియురాలై ఉంటుంది," అంది మరిసెల్ ఒకరోజు మాతే కషాయాన్ని గొట్టంతో చప్పరిస్తూ. "ఒతీలియా వెరా! పేరు వింటేనే తెలిసిపోవట్లా? ఎత్తు మడమల చెప్పులు, ఎర్ర గౌను, టాంగో..."

"అయ్యుంటుంది."

"మీకు తెలుసు. దాస్తున్నారు."

"తాగితే తాగు, లేకపోతే మాతే ఇటివ్వు. చేత్తో పట్టుకుని ఉపన్యాసం ఇవ్వడానికి అది మైకు కాదు."

ఆ పిల్ల పకపకా నవ్వి ఇచ్చింది. వేడినీళ్ళు పోసుకుని నా వంతు నేను తాగాను. బాధేసిందా అని అడిగితే, లేదు. పన్ను పీకేముందు మత్తు సూది పొడిపించుకుంటే బుగ్గ ఎలా ఉంటుందో నాకు లోపలంతా అలాగే ఉండేది. ఉందని తెలుసు, నాదని తెలియదు. మొదట్లో రెండు మూడు నెలలే అనుకున్నాను. పందొమ్మిదేళ్ళయింది. దానికీ అలవాటు పడిపోయాను.

మా పని సంగతి బంధువులకి చెబితే నవ్వుతారు. దక్షిణ అమెరికా వాగుల్లో రాళ్ళ కింద ఏ పురుగులు బతుకుతున్నాయి, వాటి పేర్లేమిటి, ఏది కొండకి ఇవతల ఉంది, ఏది అవతల ఉంది అని చూసి పటం మీద సూదులు గుచ్చడం. గోడ మీద వెనిజులా నుంచి పతగోనియా దాకా పెద్ద పటం ఉంది. కొన్ని పురుగులకి నాలుగు దేశాల్లో వందేసి సూదులున్నాయి. ఒతీలియాకి ఒక్కటే, ఎర్రది. పక్కనే డాక్టరు గారు గీసిన ఒతీలియా బొమ్మ, కుబుసమూ రెక్కలూ.

మేము చూసే పురుగులు ఏడాది పాటు నీళ్ళలో ఉండి, రెక్కలొచ్చాక ఒక్క పూట బతికి పోతాయి. నీళ్ళలోని పిల్లపురుగుకీ గాల్లోని రెక్కల పురుగుకీ పోలిక ఉండదు. అందుకని కొన్ని జాతులు మాకు నీళ్ళలోనే తెలుసు, కొన్ని గాల్లోనే తెలుసు. ఏది దేని పిల్లో తెలుసుకోవడానికి ఒకటే దారి. పిల్లపురుగుని ప్రాణంతో పట్టి, వలగుడ్డ కట్టిన గ్లాసులో వేసి, ఆ గ్లాసుని దాని వాగులోనే ఉంచి కాపలా కాయాలి. వీపు మీద రెక్కల మొటిమలు నల్లబడ్డాయంటే ఒక రోజులో లేస్తుంది. కుబుసం విడిచి పైకొస్తుంది. అప్పుడు ఆ కుబుసాన్నీ ఆ పురుగునీ కలిపి ఒకే సీసాలో పెట్టాలి. ఒక గ్లాసు, ఒక పళ్ళెం, ఒక సీసా. రెండు గ్లాసులు ఒక పళ్ళెంలో ఎప్పుడూ వంచకూడదు. ఈ పని చేసేది నేను. "పెంచినది: నె. హువారెస్" అని వ్యాసం చివర ఉంటే బ్రెజిల్ శాస్త్రవేత్తలు కూడా నోరెత్తేవాళ్ళు కాదు.

ఇంకొక కట్టుబాటు ఉంది. సీసాలోని చీటీని తీసి పారెయ్యకూడదు. చీటీలో తప్పుంటే దాని పక్కన ఇంకో చీటీ వెయ్యాలి. కొట్టివేతలు ఉండవు, మార్పులు ఉండవు.

ఒతీలియా సీసాలో ఉన్న చీటీ నా చేతిరాతే. అగ్వా చికితా, జలపాతం కింద, పద్నాలుగో గ్లాసు, 2003 నవంబరు పద్నాలుగు. లేచిన వేళ: సాయంత్రం నాలుగూ ఇరవై.

ఈ వేళ దగ్గరే అందరూ ఆగిపోతారు. ఈ జాతులన్నీ మసక చీకట్లో, ఏడున్నర ప్రాంతంలో లేస్తాయి. ఒతీలియా ఒక్కటే ఎండలో, ఊరంతా మధ్యాహ్నం కునుకు తీసే వేళ లేచింది. దాని మీద డాక్టరు గారు ఒక పేరా రాశారు. మరిసెల్ తన పరిశోధనలో ఏకంగా ఒక అధ్యాయం రాసింది. వెతకడానికి వెళ్ళిన ప్రతిసారీ ఆ వేళకే వల పట్టుకుని నిలబడేది. ఇరవై రెండుసార్లు వెళ్ళింది. చీకటి పడేలోపల బండ దారి దిగిపోవాలి కాబట్టి ఏడున్నరకి అక్కడ ఎవరూ ఉండేవాళ్ళు కాదు.

డిసెంబరు మొదట్లో పరిశోధన పుస్తకం ఇచ్చెయ్యాలి. నవంబరు మొదటి వారంలో ఒక సాయంత్రం మరిసెల్ బూట్లు విప్పకుండానే కుర్చీలో కూలబడింది.

"రాసేస్తాను దోన్యా. బహుశా అంతరించిపోయింది, అని."

"రాసెయ్."

"మీకేం బాధగా లేదా? మీరు పెంచిందే కదా."

"పురుగులకి కూడా ఏడుస్తామా ఏమిటి."

నిజం చెప్పాలంటే ఆ మాట నాకు నచ్చింది. అంతరించిపోవాలంటే ముందు ఉండి ఉండాలి. ఉండేది, ఇప్పుడు లేదు. నా పిల్ల విషయంలో కూడా అంతకంటే చెప్పేదేముంది? మార్చిలో నా ఉద్యోగం అయిపోతుంది. ఆ పుస్తకం అచ్చయితే ఒతీలియా సీసాని ఇంక ఎవరూ తెరవరు.

గురువారాలు డాక్టరు గారు వస్తారు. ఎనభై రెండేళ్ళు. మైక్రోస్కోపులో చూస్తే పొగమంచు తప్ప ఏమీ కనపడదట, అయినా వస్తారు. ఆ గురువారం మరిసెల్ ఆయన ముందు కుర్చీ లాక్కుని కూర్చుంది.

"డాక్టరు గారూ, కోప్పడకండి. దాని మీద ఎప్పుడైనా అనుమానం వచ్చిందా మీకు?"

"దేని మీద?"

"ఒతీలియా మీద. ఒక్కటే దొరికింది. అదీ మనకి తెలిసిన దేనితోనూ కలవదు. కుబుసమూ కొత్తదే, రెక్కలదీ కొత్తదే."

డాక్టరు గారు చేతికర్ర నేల మీద కొట్టారు. "అదిగో, అక్కడ నిలబడింది చూడు, దాన్ని పెంచిన మనిషి. ముప్ఫై ఏళ్ళలో నెలిదా ఒక్క గ్లాసు తారుమారు చెయ్యలేదు. మా ఆవిడ కంటే ఎక్కువ నమ్మాను దీన్ని."

"ఆవిడతో చెప్పమంటారా?" అన్నాను.

"చెప్పు, ఆవిడకి తెలుసు. అయినా ఈ పిల్లకి మళ్ళీ గ్లాసులు పెట్టివ్వచ్చు కదా నువ్వు? ఎందుకు మానేశావో నాకిప్పటికీ అర్థం కాదు."

"మోకాళ్ళు, డాక్టరు గారూ."

"ముప్ఫై తొమ్మిదేళ్ళకే మోకాళ్ళా?"

ఆయన నవ్వారు, మరిసెల్ నవ్వింది. నేను సీసాలు తుడుచుకున్నాను. ఆయనకి పురుగుల తేదీలు గుర్తుంటాయి కానీ మనుషుల తేదీలు గుర్తుండవు. గుర్తుండి ఉంటే ఆ చీటీ మీది తేదీ ఏమిటో ఎప్పుడో తెలుసుకునేవారు.

మంగళవారం పొద్దున మరిసెల్ కళ్ళు ఎర్రగా, పెదాలు ఎండిపోయి వచ్చింది. పికప్పు తాళాలు కొక్కెం నుంచి తీసింది. నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాను. కాలిపోతోంది.

"ఎక్కడికి?"

"వాగుకి. రేపటి నుంచి వానలు అంటున్నారు. ఇవాళ వెళ్ళకపోతే ఈ ఏడాదికి అంతే."

"ఒక్కదానివే? ఈ ఒంటితోనా?"

"జ్వరమే కదా దోన్యా. అదే పోతుంది."

నా చెయ్యి ఆ పిల్ల నుదుటి మీదే ఉండిపోయింది.

జ్వరమే కదా. 2003 నవంబరు పద్నాలుగు పొద్దున అదే మాట అదే తీరులో నేనన్నాను. నా పిల్లకి ముప్ఫై తొమ్మిది డిగ్రీల జ్వరం ఉంది. పక్కింటావిడ "ఇవాళ మానెయ్యరాదూ" అంది. పదమూడో గ్లాసులోనూ పద్నాలుగో గ్లాసులోనూ రెక్కల మొటిమలు నల్లబడి ఉన్నాయి. ఆ రోజు తప్పితే మళ్ళీ ఏడాది ఆగాలి. జ్వరమే కదా అన్నాను, పిల్లకి నిమ్మరసం కలిపి మంచం పక్కన పెట్టి కొండెక్కాను. మధ్యాహ్నం పన్నెండింటికి అడవి గార్డు మోటారు సైకిలు మీద వచ్చి పిల్లని ఆసుపత్రిలో చేర్చారని చెప్పాడు. నేను వెళ్ళేసరికి రెండున్నర అయింది. మెదడు చుట్టూ పొర వాచిందన్నారు. చెయ్యవలసినవన్నీ చేశారు. ఎదురుగా గోడ మీద గుండ్రటి గడియారం ఉంది. నర్సు దుప్పటి సర్దినప్పుడు నాలుగూ ఇరవై.

మర్నాడు పూడ్చిపెట్టాం. తండ్రి సాల్తాలో లారీ తోలుతూ ఉండేవాడు, వచ్చి వెళ్ళిపోయాడు. మూడో రోజు నేను వాగుకి వెళ్ళాను. డాక్టరు గారు బ్రెజిల్లో మనౌస్ వెళ్ళి ఉన్నారు. గ్లాసులు ఎక్కడున్నాయో నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఇంట్లో కూర్చుని మాత్రం చేసేదేముంది? రెండు గ్లాసుల్లోనూ పురుగులు లేచి, చచ్చి, కుబుసాలు నీళ్ళ మీద తేలుతున్నాయి. తెల్ల పళ్ళెం తీసి పదమూడు వంచాను. అదే పళ్ళెంలో పద్నాలుగు కూడా వంచాను. వంచుతున్నానని నా చేతులకి తెలియలేదు. పళ్ళెంలో రెండు కుబుసాలు, రెండు పురుగులు. ఏది దేనిదో ఎలా తెలుస్తుంది? ఒక దాని పక్కన ఒకటి పెట్టి రెండు సీసాల్లో వేశాను. లేచిన వేళ రాయాలి. నేనెక్కడున్నాను చూడడానికి? నా తలలో ఒకే వేళ ఉంది. అదే రాశాను.

జనవరిలో డాక్టరు గారు పద్నాలుగో సీసా మూడు వారాలు చూసి నన్ను పిలిచారు. కళ్ళలో నీళ్ళు. "నెలిదా, ఇది ఎక్కడా లేనిది. నీ పిల్ల పేరు పెడతాను." ఆ క్షణంలో నాకు పళ్ళెం గుర్తొచ్చింది. ఒక్క మాట అంటే సరిపోయేది. "సంతోషం, డాక్టరు గారూ," అన్నాను. మర్నాడు పదమూడో సీసాని వెనక గదిలో పాత బీరువా అడుగున పెట్టేశాను. అప్పటినుంచి గ్లాసు పెట్టలేదు.

ఇవన్నీ మరిసెల్ నుదుటి మీద చెయ్యి ఉన్నంతసేపట్లోనే గుర్తొచ్చాయి. లేనిదాన్ని వెతకడానికి, నేను కల్పించిన వేళకి, ఈ పిల్ల ఒళ్ళు కాలుతూ బండలెక్కబోతోంది. దాని చేతిలో తాళాలు లాక్కుని నా ఏప్రన్ జేబులో వేసుకున్నాను.

"దోన్యా!"

"ఇంటికెళ్ళి పడుకో. మీ అమ్మకి ఫోను చేసి చెబుతాను. తగ్గాక నేనూ వస్తాను. గ్లాసులు పెడదాం."

"మీరా? మోకాళ్ళు?"

"మోకాళ్ళకి నేను చెప్పుకుంటాను. నువ్వు ముందు డాక్టరుకి చూపించుకో. మా డాక్టరుకి కాదు, మనుషుల డాక్టరుకి."

దానిది మామూలు జ్వరమే. నాలుగు రోజుల్లో లేచి కూర్చుంది. వానలు కూడా అనుకున్నంత రాలేదు. తర్వాతి సోమవారం ఇద్దరం వెళ్ళాం.

వాగు మారలేదు. నేను జలపాతం కింద మోకాలి లోతులో నిలబడి, వల చొరబడని సందుల్లో చేతులు పెట్టి రాళ్ళు ఒక్కొక్కటే తిప్పాను. గంటలో దొరికింది. తెల్ల పళ్ళెంలో వేసి మరిసెల్‌కి చూపించాను. ఒతీలియా కుబుసం బొమ్మలో ఎలా ఉందో అచ్చం అలాగే, ప్రాణంతో, వీపు మీద మొటిమలు నల్లగా.

మరిసెల్ నోరు తెరిచింది. ఆ తర్వాత నా మెడ పట్టుకుని వేలాడింది. ఇద్దరం నీళ్ళలో పడబోయాం.

"ఉంది! దోన్యా, ఉంది! ఇన్నాళ్ళూ ఇక్కడే ఉంది! ఇరవై రెండుసార్లు నా నెత్తి మాడ్చుకున్నాను, మీకు గంటలో దొరుకుతుందా?"

"ఒదులు. జారతాను."

పాత కొయ్య తెప్ప తెచ్చాను. గ్లాసులు పట్టడానికి దానికి రంధ్రాలుంటాయి, ఒక్కోదాని పక్కన అంకె కాల్చి ఉంటుంది. ఈ పిల్లపురుగుని పదమూడులో వేశాను. ఈ కొండల్లో ఏ వాగులో రాయి తిప్పినా దొరికే మామూలు పిల్లపురుగు ఒకటుంది, దాని రెక్కల రూపం ఎవరూ చూడలేదు. అలాంటిది ఒకటి, నల్లబడిన మొటిమలున్నది, పట్టి పద్నాలుగులో వేశాను.

"అదెందుకు?" అంది మరిసెల్.

"ఉండనీ. దానికీ తోడు."

మిలనేసా, అంటే వేయించిన మాంసం ముక్క, పెట్టిన రొట్టెలు తిన్నాం. నాలుగయింది. మరిసెల్ గడియారం విప్పి బండ మీద పెట్టుకుని, పదమూడో గ్లాసు ముందు బోర్లా పడుకుంది. చేతిలో కెమెరా. నాలుగూ పది. నాలుగూ పదిహేను. రెప్ప వెయ్యట్లేదు. నాలుగూ ఇరవై అయింది. నాలుగూ ఇరవై అయిదు అయింది.

"ఇప్పుడు లేవాలి కదా," అంది.

"లేవదు."

"ఎందుకు లేవదు? చీటీ మీద..."

"ఆ వేళ పురుగుది కాదు, మరిసెల్. నా కూతురిది."

ఆ పిల్ల తల తిప్పి నా వైపు చూసింది.

"ఒతీలియా వెరా నా కూతురు. టాంగో ఆడలేదు. అయిదో తరగతి చదివేది. నాలుగూ ఇరవైకి చచ్చిపోయింది. ఆ వేళకి నేను ఇక్కడ లేను, ఆసుపత్రిలో ఉన్నాను."

మిగతాది కూడా చెప్పాను. పళ్ళెం సంగతి, పదమూడో సీసా సంగతి. వాన ఎప్పుడు కురిసింది, ఎప్పుడు ఆగింది అని చెప్పినట్టు చెప్పాను. "చచ్చిపోయింది" అన్న మాట నా నోటితో అనడం అదే మొదటిసారి. అన్నాక ఏదో అవుతుందనుకున్నాను. ఏమీ కాలేదు. నీళ్ళ చప్పుడు వినిపించింది.

మరిసెల్ కెమెరా మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది.

"నేను టాంగో అని..."

"నీకేం తెలుసు."

"అయితే ఒతీలియా..."

"లేదు. ఎప్పుడూ లేదు. ఒక దాని కుబుసం, ఇంకొక దాని ఒళ్ళు. ఎవరూ చూడని కుబుసమూ, ఎవరూ చూడని రెక్కల పురుగూ నా చేతిలో ఒక సీసాలో పడ్డాయి. అందుకే అంత కొత్తగా కనిపించింది."

"ఖాయమా?"

"చీకటి పడనీ. చూద్దాం."

కూర్చున్నాం. ఎండ చెట్ల పైకి పోయింది. మరిసెల్ తన కోటు తీసి నా మోకాళ్ళ మీద కప్పింది. ఏడున్నరకి ముందు పదమూడో గ్లాసులో కదలిక వచ్చింది. వీపు చీలింది, పురుగు కుబుసంలోంచి పైకి జరిగి వలగుడ్డకి అతుక్కుంది. మరిసెల్ టార్చి వేసి భూతద్దంలో చూసింది. ఎనభై ఏళ్ళ కిందట ఒక జర్మన్ ఆయన దీపం పెట్టి పట్టిన రెక్కల పురుగు. పుస్తకాల్లో ఉన్నదే, దాని పిల్లని మాత్రం ఎవరూ చూడలేదు. అయిదు నిమిషాల తర్వాత పద్నాలుగో గ్లాసులో మామూలు పిల్లపురుగు లేచింది. రెక్కలు విప్పుకుంది. మా గోడ మీద ఒతీలియా బొమ్మలో ఉన్న రెక్కలు అవే.

మరిసెల్ భూతద్దం దించి నాకివ్వబోయింది. నాకక్కర్లేదన్నాను.

ఒకటి పదమూడులో, దాని కుబుసం పదమూడులో. ఒకటి పద్నాలుగులో, దాని కుబుసం పద్నాలుగులో. ఇంత తేలిక పని. ఆ రోజు పళ్ళేలు రెండు తీసి ఉంటే సరిపోయేది. అంతకుముందు ఇల్లు కదలకుండా ఉండి ఉంటే సరిపోయేది.

"రెండు పళ్ళేలు తియ్యి," అన్నాను.

టార్చి వెలుగులో ఒకరినొకరం పట్టుకుని బండ దారి దిగాం.

గురువారం డాక్టరు గారికి నేనే చెప్పాను. మరిసెల్ పక్కన నిలబడింది. ఆయన చేతికర్ర రెండు చేతులతో పట్టుకుని విన్నారు. తిడతారనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"నేను ఊళ్ళో లేను," అన్నారు చివరికి. "ఆ నవంబరులో నేను ఊళ్ళో లేను కదా."

"లేరు, డాక్టరు గారూ."

"పిల్ల ఎన్నింటికి పోయింది?"

"నాలుగూ ఇరవైకి."

ఆ వేళ మీద పేరా రాసిన మనిషి ఆయన. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. మళ్ళీ పెట్టుకోవడానికి వెతికితే మరిసెల్ చేతికి అందించింది.

"పేరు ఏమవుతుంది?" అని అడిగాను.

"మామూలు పిల్లపురుగుకి పాత పేరు ఉంది," అంది మరిసెల్ మెల్లగా. "పాతదే నిలుస్తుంది. ఒతీలియా దాని కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది, ఫలానా వాళ్ళు ఒకప్పుడు ఇలా అన్నారు అని. కొట్టెయ్యరు."

"కొట్టెయ్యం," అన్నారు డాక్టరు గారు. "మనం ఏదీ కొట్టెయ్యం."

మధ్యాహ్నం ఆయన్ని టాక్సీ ఎక్కించి వచ్చాక మరిసెల్ రెండు పాత సీసాలూ బల్ల మీద పక్కపక్కన పెట్టింది. కుబుసాలు అటూ ఇటూ మారిస్తే సరిపోతుంది. కానీ మార్చకూడదు. జాతి పేరుకి ఆధారమైన సీసాలో ఉన్నది ఉన్నట్టే ఉండాలి. ఒకదాని కుబుసం పక్కన ఇంకొకటి, ఆ స్పిరిట్‌లో అలాగే ఉంటాయి. మేము చెయ్యగలిగింది పక్కన చీటీ వెయ్యడమే.

"నేను రాయనా?" అంది. "వేళ తప్పు, అని రాస్తే సరిపోతుందా?"

"తప్పు కాదది. కలం ఇటివ్వు."

మందపాటి కాగితం, నల్ల సిరా, చీమ తలకాయంత అక్షరాలు. ముప్ఫై ఒక్కేళ్ళలో ఏ చీటీ రెండోసారి రాయలేదు నేను. ఇది మూడుసార్లు రాశాను. మొదటి రెండూ సిరా అంటుకుని చెరిగిపోయాయి. మూడోది ఇది:

"కుబుసం వేరే పురుగుది. తారుమారు చేసింది నేను. లేచిన వేళ ఈ రెంటిలో దేనిదీ కాదు. 2003 నవంబరు పద్నాలుగు, సాయంత్రం నాలుగూ ఇరవై, నా కూతురు ఒతీలియా వెరా చనిపోయిన వేళ. నె. హువారెస్."

సిరా ఆరనిచ్చి, చుట్టి, పాత చీటీ పక్కన దించాను. స్పిరిట్ అంచుదాకా పోసి మూత బిగించాను. అప్పుడు ఏడుపొచ్చింది. ఆగలేదు. నుదుటి మీద తడిగుడ్డ వేసుకుని "త్వరగా వచ్చెయ్, అమ్మా" అన్న పిల్ల గుర్తొచ్చింది. పందొమ్మిదేళ్ళ తర్వాత మొదటిసారి, చీటీ మీద ఉన్నది కాదు, నా పిల్ల.

మరిసెల్ నీళ్ళు కాచి, మాతే పోసి నా చేతికిచ్చింది. అది పూర్తిగా చల్లారిపోయేదాకా రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను. అది మైకు కాదని ఆ పిల్ల గుర్తు చెయ్యలేదు.